కొండలో స్ఫటికం, ఊకలో గాజు

తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, కొండను తొలిచిన చోట రెండు రకాల రాళ్లు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. కింద ఉన్నది గ్రానైటు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దానిమీద పొరలు పొరలుగా పేరుకున్నది నగరి క్వార్ట్‌జైటు, సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. ఈ రెండింటి నడుమ గడిచిన 80, 90 కోట్ల ఏళ్లకు అక్కడ ఆనవాలే లేదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. కొండమీద యాత్రికులు చూసి వచ్చే శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే. ఎప్పటిదో ఇసుక ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఇలా రాయిగా మారింది. ఆ ఇసుకలో ఉన్నది క్వార్ట్జ్, అంటే సిలికా: ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన కూడిన పదార్థం.

కొండ దిగి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట వైపు వెళ్తే దారి పొడవునా వడ్లు పండే నేలలు, వాటి మధ్య రైసు మిల్లులు. మిల్లు వెనకాల ఊక కాల్చగా మిగిలిన బూడిద గుట్టలు ఉంటాయి. ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే. శిలాతోరణం ముక్కను, మిల్లు బూడిదను పక్కపక్కన పెట్టి మూలకాలను మాత్రమే లెక్కబెట్టే యంత్రానికి ఇస్తే, రెండింటికీ దాదాపు ఒకే జవాబు వస్తుంది. సున్నంతో కలిపి తడిపి చూస్తే మాత్రం తేడా దాగదు. రాతిపొడి ఏళ్లు గడిచినా సున్నంలో అలాగే పడి ఉంటుంది. సరిగ్గా కాల్చిన ఊక బూడిద కొన్ని రోజుల్లోనే సున్నంతో కలిసిపోయి గట్టిపడుతుంది. పరమాణువులు అవే, వాటి పాళ్లు అవే. అమరిక వేరు. ఆ అమరికను కొలవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

ముందు ఈ సిలికా ఊకలోకి ఎలా వచ్చిందో చూద్దాం. వానకు గ్రానైటు నేలలు నెమ్మదిగా కరుగుతాయి. నీటిలోకి దిగిన సిలికా సిలిసిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. చాలా మొక్కలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. వరి మాత్రం వేర్లతో ఆత్రంగా లాక్కుంటుంది. అందుకోసం వరి వేర్లలో ప్రత్యేకమైన ప్రోటీను ద్వారాలు ఉన్నాయని 2006లో జపాన్ శాస్త్రవేత్త జియాన్ ఫెంగ్ మా బృందం కనిపెట్టింది. ఆ ద్వారాన్ని తయారు చేసే జన్యువుకు ఎల్‌ఎస్ఐ-1 అని పేరు పెట్టారు. వేరు నుంచి పైకెక్కిన నీరు ఆకుల నుంచి, గింజ పైపొట్టు నుంచి ఆవిరైపోతుంది, సిలికా అక్కడే మిగిలిపోతుంది. వడ్లగింజ చేతికి గరుకుగా తగలడానికి, మిల్లులో వడ్లు పొట్టు తీసే రబ్బరు రోలర్లు అంత త్వరగా అరిగిపోవడానికి కారణం ఇదే. తవుడును ఇష్టంగా తినే పశువు ఊకను ముట్టకపోవడానికీ ఇదొక కారణం.

నెల్లూరు, నాయుడుపేట వైపు రైతులు వడ్లను పుట్లలో లెక్కగడతారు. పుట్టి అంటే 850 కిలోలు. అందులో అయిదో వంతు ఊక, అంటే 170 కిలోలు. ఆ ఊకను కాలిస్తే మిగిలే బూడిద మళ్లీ అందులో అయిదో వంతు, 34 కిలోలు. అందులో సుమారు 30 కిలోలు సిలికా. ప్రతి పుట్టి వడ్లతోపాటు 30 కిలోల సిలికా పొలం నుంచి మిల్లుకు చేరుతోందన్నమాట. గూడూరు, చిల్లకూరు వైపు తవ్వే సిలికా ఇసుకను గాజు చేయాలంటే సోడా, సున్నపురాయి కలిపి 1500 డిగ్రీల దాకా కాగబెట్టాలి. వరిమొక్క ఏ కొలిమీ లేకుండా, ఎండలో నిలబడి, నీటిలో కరిగిన సిలికాను గాజులాంటి పదార్థంగా పేర్చుకుంటుంది. ఇది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

గాజులాంటిది అన్నప్పుడు ఏం చెబుతున్నామో కాస్త ఆగి చూడాలి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో వరుసగా నిలబడ్డ భక్తులను ఊహించండి. ఒక మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే అతని వెనక ఇరవయ్యో మనిషి ఎక్కడుంటాడో చెప్పేయవచ్చు. అదే భక్తులను గరుడసేవ రాత్రి మాడవీధుల్లో చూడండి. అక్కడా ప్రతి మనిషి చుట్టూ భుజం దూరంలోనే నలుగురైదుగురు ఉంటారు, ఆ దూరం అందరికీ ఇంచుమించు ఒకటే. కానీ ఇరవై మందిని దాటాక ఎవరు ఎక్కడున్నారో చెప్పలేం. క్వార్ట్జ్‌లోనూ ఊక సిలికాలోనూ ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు నాలుగు మూలలా ఉంటాయి. పక్కవారి వరకు రెండింటిలోనూ క్రమమే. దూరం పోయేకొద్దీ క్వార్ట్జ్‌లో క్రమం నిలుస్తుంది, ఊక సిలికాలో చెదిరిపోతుంది. మొదటిది స్ఫటిక సిలికా, రెండోది అస్ఫటిక సిలికా. గాజు నిర్మాణం గురించి 1932లో జకారియాసెన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన చిత్రం ఇదే. నేటికీ దాన్ని పట్టుకునే మాట్లాడుతున్నాం.

క్రమం చెదిరిన సిలికా వదులుగా ఉంటుంది. క్వార్ట్జ్ సాంద్రత నీటికి 2.65 రెట్లు, అస్ఫటిక సిలికాది 2.2 రెట్లు. పైగా ఊక బూడిద రేణువు నిండా సన్నటి రంధ్రాలే. సున్నపు నీటిలోని క్షార అయాన్లు ఆ రంధ్రాల్లోకి చొరబడి సిలికాన్, ఆక్సిజన్ల మధ్య బంధాలను ఒక్కొక్కటే తెంచుతాయి. అలా విడివడ్డ సిలికా సున్నంతో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అవుతుంది. సిమెంటుకు బలమిచ్చే జిగురు ఇదే. సిమెంటు నీటితో కలిసినప్పుడు ఎటూ కొంత సున్నం విడుదలవుతుంది. పనికిరాకుండా పడి ఉండే ఆ సున్నాన్ని ఊక బూడిద జిగురుగా మారుస్తుంది. తక్కువ వేడిలో కాల్చిన ఇటుకల పొడిని, అంటే సుర్కీని, సున్నంలో కలిపి గానుగ ఆడించిన మన పాత మేస్త్రీలు ఇదే రసాయనాన్ని చేతి అనుభవంతో పట్టుకున్నారు.

కాబట్టి సిమెంటులో కలపడానికి ఊక బూడిద కొనేవాడు అడగాల్సింది సిలికా ఎంత అని కాదు, అస్ఫటిక సిలికా ఎంత అని. దాన్ని నిర్ణయించేది పొలం కాదు, మిల్లు ఫర్నేసు.

ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో వడ్లను ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి ఆవిరి కావాలి. ఆ బాయిలరుకు ఊకే ఇంధనం. ఊక వేడెక్కుతుంటే ముందు తేమ పోతుంది. తర్వాత మండే వాయువులు పోయి బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గు కూడా నెమ్మదిగా కాలితే సిలికా అస్థిపంజరం మాత్రం నిలుస్తుంది. భూతద్దంతో చూస్తే దాని ఆకారం ఊక ఆకారమే. ఇదంతా 600, 700 డిగ్రీల లోపు జరిగితే సిలికా చాలావరకు అస్ఫటికంగానే ఉండిపోతుంది. 800 దాటి, ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటే పరమాణువులకు కదిలే వీలు చిక్కుతుంది. అవి సర్దుకుని క్రిస్టోబలైటు, ట్రిడిమైటు అనే స్ఫటికాలుగా మారతాయి.

ఇక్కడ పొటాషియం పాత్ర ఒకటుంది. వరి నేల నుంచి తీసుకున్న పొటాషియంలో కొంత ఊకలోనూ ఉంటుంది. అది సిలికాతో కలిసి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిన పొర కాలని బొగ్గును లోపల బంధించేస్తుంది. ఆ బొగ్గు ఇక ఫర్నేసులో సులువుగా కాలిపోదు. అదే పొర రంధ్రాలనూ మూసేస్తుంది, సిలికా స్ఫటికంగా మారడాన్నీ తొందరపెడుతుంది. ఊకను ముందే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి పొటాషియం తీసేసి కాలిస్తే తెల్లటి, చాలా శుద్ధమైన అస్ఫటిక సిలికా వస్తుంది. ప్రయోగశాలలో ఇది సులువు. మిల్లులో ఆమ్లం, ఆ కడిగిన నీళ్లు రెండూ కొత్త సమస్యలు.

రంగు చూసి బూడిదను అంచనా వేసే అలవాటు వ్యాపారంలో ఉంది. నల్లగా ఉంటే నాసిరకం, తెల్లగా ఉంటే మేలురకం అంటారు. దీన్ని నమ్మకూడదు. నలుపు చెప్పేది బొగ్గు మిగిలిందని మాత్రమే, అందులోని సిలికా పూర్తిగా అస్ఫటికం కావచ్చు. తెలుపు, లేదా లేత గులాబి ఛాయ, ఎక్కువ వేడిలో కాలిందనడానికి గుర్తు కావచ్చు, లోపల క్రిస్టోబలైటు నిండి ఉండవచ్చు. రంగు బొగ్గు కబురు చెబుతుంది, అమరిక గురించి నోరు విప్పదు.

కాల్చే వేడే బూడిద గుణాన్ని నిర్ణయిస్తుందన్న సంగతిని సిమెంటు ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పి.కె. మెహతా. ఊకను అదుపులో ఉన్న వేడిలో కాల్చి సిమెంటుకు పనికొచ్చే బూడిద చేసే పద్ధతికి ఆయన 1970లలో పేటెంటు తీసుకున్నాడు. కాన్పూరు ఐఐటీలో పి.సి. కపూర్ బుట్టలో గొట్టం అమర్చినట్టుండే చౌక పొయ్యి ఒకటి రూపొందించి, దానితో చురుకైన సిలికా తయారీ గురించి 1985లో రాశాడు. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456, దాని 2000 నాటి కూర్పులో ఊక బూడిదకు చోటిచ్చింది. అయితే ఒక గట్టి హెచ్చరిక కూడా చేసింది: ఏ మిల్లు బూడిదను ఆ మిల్లు బూడిదగానే పరీక్షించాలి, ఎందుకంటే నాసిరకం బూడిద కాంక్రీటుకు ఒండ్రుమట్టి అంత చేటు చేయగలదు.

ఇక కొలతలోకి దిగుదాం. మిల్లు బూడిద గురించి సాధారణంగా వచ్చే ప్రయోగశాల పత్రంలో ‘సిలికా 88 శాతం’ అని ఉంటుంది. అది ఎక్కువగా ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఇచ్చిన అంకె. ఎక్స్ కిరణాలు తగిలిన ప్రతి మూలకం తనదైన కిరణాన్ని తిరిగి వెదజల్లుతుంది. ఆ కిరణాల తీవ్రతను బట్టి సిలికాన్ ఎంత, పొటాషియం ఎంత అని లెక్క తేలుతుంది. పని కచ్చితమైనదే. కానీ ఆ సిలికాన్ క్రమంలో ఉందా, చెదిరి ఉందా అన్నది ఈ యంత్రానికి కనబడదు. పాత తడి పద్ధతిలోనూ అంతే. ప్లాటినం మూసలో బూడిదను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కాచి, ఆవిరైపోయిన సిలికాను బరువు తగ్గుదలతో పట్టుకుంటారు. ఆ ఆమ్లం స్ఫటికాన్నీ అస్ఫటికాన్నీ ఒకేలా తినేస్తుంది. ఈ పత్రాన్ని చేతిలో పెట్టుకుని సిమెంటుకు బూడిద అమ్మడం, కొనడం రెండూ గుడ్డి బేరాలే.

యంత్రం కంటే ముందు నమూనా తీసుకోవడమే ఒక పెద్ద పని. గుట్ట పైనున్న బూడిద త్వరగా చల్లారి ఉంటుంది. నడుమ ఉన్నది లోలోపల నిప్పుతో రోజుల తరబడి కనకనలాడి ఉంటుంది. ఒకే గుట్టలో రెండు మూడు రకాల సిలికా ఉంటుంది. అందుకే అడుగు, నడుమ, పైభాగం, పక్కలు అన్నిటి నుంచి తీసి, కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు మాత్రం ఉంచుకుంటూ, అలా తగ్గించుకుంటూ చేతి నిండా నమూనాకు రావాలి. బాయిలరు అడుగు బూడిద, పొగగొట్టం దగ్గర పట్టిన సన్నటి బూడిద, ఆరుబయట కాల్చిన గుట్ట, ఈ మూడింటినీ కలపకుండా విడిగా చూడాలి.

అమరికను చూడగలిగే యంత్రం ఎక్స్‌ఆర్‌డీ. రాగి నుంచి వచ్చే ఎక్స్ కిరణాన్ని పొడిమీద పడేసి, అది ఏయే కోణాల్లో చెదురుతుందో నమోదు చేస్తారు. స్ఫటికంలో పరమాణువుల పొరలు సమాన దూరాల్లో ఉంటాయి కాబట్టి కొన్ని కోణాల్లో మాత్రమే కిరణాలు ఒకదానికొకటి తోడై సూది మొనల్లాంటి శిఖరాలు లేస్తాయి. క్వార్ట్జ్ ప్రధాన శిఖరం 26.6 డిగ్రీల దగ్గర, క్రిస్టోబలైటుది 22 డిగ్రీల దగ్గర. అస్ఫటిక సిలికాకు శిఖరాలు ఉండవు. 22 డిగ్రీల చుట్టుపక్కల వెడల్పాటి ఉబ్బు ఒకటి మాత్రం వస్తుంది. క్రిస్టోబలైటు శిఖరం సరిగ్గా ఆ ఉబ్బు మీదే మొలుస్తుంది. బూడిద ఎక్కువ కాలేకొద్దీ ఉబ్బు నుంచి సన్నగా మొన తేలి పైకి పెరగడం గ్రాఫులో చూడవచ్చు. 26.6 దగ్గర శిఖరం కనిపిస్తే మాత్రం ఊకను తప్పుపట్టే ముందు నేలను అనుమానించాలి. మామూలు ఫర్నేసులో ఊక సిలికా ముందు మారేది క్రిస్టోబలైటుగానే. క్వార్ట్జ్ చాలాసార్లు కళ్లం నుంచి, గుట్ట కిందినుంచి చేరిన ఇసుక. స్వర్ణముఖి ఒడ్డున ఆరబోసిన వడ్లలో ఆ ఇసుక లేకపోతేనే విశేషం.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. శిఖరాన్ని కొలవవచ్చు. శిఖరం లేకపోవడాన్ని ఎలా కొలుస్తాం? దీనికో తెలివైన ఉపాయం ఉంది. మనకు కచ్చితంగా తెలిసిన స్ఫటిక పదార్థాన్ని, సాధారణంగా కొరండాన్ని, తూచి బూడిదలో కలుపుతారు. 8 గ్రాముల బూడిదలో 2 గ్రాముల కొరండం కలిపామనుకుందాం. 1969లో హ్యూగో రీట్‌వెల్డ్ ప్రచురించిన గణిత పద్ధతితో కంప్యూటరు శిఖరాలన్నిటినీ లెక్కగట్టి, ఉన్న స్ఫటికాల్లో కొరండం 80 శాతం, క్రిస్టోబలైటు 20 శాతం అని చెప్పిందనుకుందాం. అస్ఫటిక భాగం దానికి కనిపించదు, కనిపించినవాటినే నూరుగా చేసి చెప్పింది. కానీ కొరండం 2 గ్రాములే అని మనకు తెలుసు. 2 గ్రాములు 80 శాతమైతే స్ఫటికాల మొత్తం 2.5 గ్రాములు. అంటే క్రిస్టోబలైటు అర గ్రాము. 8 గ్రాముల బూడిదలో అర గ్రాము పోగా మిగిలిన 7.5 గ్రాములు కంటికి కనబడని అస్ఫటిక భాగం. శాతంలో దాదాపు 94. తెలిసినదాన్ని తోడుగా పంపి, తెలియనిదాని బరువు రాబట్టామన్నమాట.

ఈ 94 శాతాన్ని అస్ఫటిక సిలికా అని రాసేసి ముగించిన నివేదికలు ఉంటాయి. అది పొరపాటు. కాలని బొగ్గుకూ స్ఫటిక క్రమం ఉండదు, అదీ ఈ 94లోనే దాక్కుంటుంది. కరిగి గాజైన పొటాషియం, కాల్షియం, భాస్వరం కూడా అందులోనే ఉంటాయి. కాబట్టి బూడిదను మూసలో పెట్టి 900 డిగ్రీలకు పైగా కాల్చి తగ్గిన బరువు చూడాలి. అది బొగ్గు లెక్క. 7 శాతం తగ్గిందనుకుందాం. ఎక్స్‌ఆర్‌ఎఫ్ చెప్పిన ఇతర ఆక్సైడులు 5 శాతం అనుకుందాం. అప్పుడు 94లోంచి 12 పోగా 82. మొత్తం సిలికా 88, అందులో 6 క్రిస్టోబలైటు, 82 అస్ఫటికం. ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఇచ్చిన 88కి ఇప్పుడు ఒక అర్థం వచ్చింది. ఏ ఒక్క యంత్రమూ దీన్ని చెప్పలేదు, మూడు కొలతలు కలిస్తేనే తేలింది.

రసాయన శాస్త్రజ్ఞులది వేరే దారి. క్రమం చెదిరినది సులువుగా కరుగుతుంది, క్రమంలో ఉన్నది మొండికేస్తుంది కాబట్టి కరిగించి చూద్దామంటారు. మెహతా ‘సిలికా చురుకు సూచిక’ అని పెట్టిన పరీక్ష ఇదే. మరుగుతున్న 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో బూడిదను 3 నిమిషాలు ఉంచి, ఉన్న సిలికాలో ఎంత శాతం కరిగిందో చూస్తారు. కరిగిన సిలికాను మాలిబ్డేటుతో కలిపితే పసుపు రంగు, దాన్ని క్షయకరణం చేస్తే చిక్కటి నీలం వస్తుంది. ఆ నీలం ఎంత గాఢంగా ఉందో చూసి సిలికా ఎంతో చెబుతారు. పాఠశాల ప్రయోగంలా సులువుగా అనిపిస్తుంది గానీ, కాలమే ఇక్కడ కొలబద్ద. 3 నిమిషాలకు బదులు 30 నిమిషాలు మరిగిస్తే సన్నగా నూరిన క్రిస్టోబలైటు, క్వార్ట్జ్ కూడా కొంత కరిగి లెక్క పెరుగుతుంది. బూడిదను సరిగ్గా నూరకపోతే గట్టి ముద్దల్లోని అస్ఫటిక సిలికా కరగక లెక్క తగ్గుతుంది. ఎంత సన్నగా నూరారు, ఎంతసేపు మరిగించారు అన్నవి రాయని ఫలితానికి విలువ లేదు.

ఇంకో విషయం కొత్తగా ప్రయోగం చేసేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షను గాజు బీకరులో చేయకూడదు. గాజులోనూ ఉన్నది ఎక్కువగా అస్ఫటిక సిలికాయే. మరిగే క్షారం బూడిదతోపాటు బీకరునూ కరిగిస్తుంది. ఫలితంలో కొంత సిలికా వరిది, కొంత బీకరుది అవుతుంది. నికెల్, స్టీలు లేదా టెఫ్లాన్ పాత్ర వాడాలి. కరిగిన ద్రావణాన్నీ ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి.

స్పెయిన్‌లోని వలెన్సియా సాంకేతిక విశ్వవిద్యాలయంలో జోర్డి పాయా బృందం ఈ సమస్యకే 2001లో ఒక కొత్త పద్ధతి ప్రచురించింది. వాళ్లు వాడింది గ్లిసరాల్. చర్మానికి రాసుకునే గ్లిజరిన్ అదే. దాని అణువులో మూడు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి, మరుగుస్థానం 290 డిగ్రీలు. వేడి గ్లిసరాల్‌లో అస్ఫటిక సిలికా గ్లిసరోసిలికేటుగా మారి కరుగుతుంది. దాన్ని గ్లిసరాల్‌లోనే కరిగించిన బేరియం హైడ్రాక్సైడుతో టైట్రేషన్ చేస్తే సిలికా ఎంతో తేలుతుంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, బ్యూరెట్టు చాలు. డిగ్రీ కళాశాల రసాయన ప్రయోగశాల చేయగల పని ఇది. మిల్లులున్న పట్టణాలకు ఇలాంటి పద్ధతే అసలైన అవసరం అని నా గట్టి అభిప్రాయం. ఎక్స్‌ఆర్‌డీ సరి చూసుకోవడానికి ఉండాలి. రోజువారీ బూడిదను పరీక్షించడానికి చేతికందే దూరంలో చవకైన పరీక్ష ఉండాలి.

అంతకంటే సులువైనది 1989లో మాడ్రిడ్ శాస్త్రజ్ఞులు లుక్సాన్, ఆమె సహచరులు ఇచ్చారు. 200 మిల్లీలీటర్ల సంతృప్త సున్నపు నీటిని 40 డిగ్రీల వేడిలో ఉంచి, అందులో విద్యుత్ వాహకత కొలుస్తారు. 5 గ్రాముల నమూనా వేసి 2 నిమిషాలు కలిపి మళ్లీ కొలుస్తారు. చురుకైన సిలికా సున్నాన్ని తినేస్తే నీటిలో అయాన్లు తగ్గి వాహకత పడిపోతుంది. ఎంత పడిపోతే అంత చురుకు. ఊక బూడిద దగ్గర మాత్రం ఒక జాగ్రత్త కావాలి. బూడిదలోని పొటాషియం నీటిలో కరిగి వాహకతను పెంచుతుంది. ఒకవైపు తగ్గుదల, మరోవైపు పెరుగుదల కలిసి మంచి బూడిదను కూడా మందకొడిగా చూపించవచ్చు. ఉత్త నీటిలో అదే బూడిద ఎంత వాహకత పెంచుతుందో విడిగా చూసి ఆ మేరకు సవరించాలి.

ఇవన్నీ చేశాక కూడా ఇల్లు కట్టేవాడికి చివరి జవాబు దిమ్మె విరిగినప్పుడే దొరుకుతుంది. ఐఎస్ 1727 ప్రమాణం ప్రకారం సున్నం, బూడిద, ప్రామాణిక ఇసుక కలిపి 50 మిల్లీమీటర్ల ఘనాలు పోస్తారు. వాటిని తడి ఆరకుండా 50 డిగ్రీల వేడిలో 8 రోజులు ఉంచి, తీసి నొక్కి విరిచి బలం చూస్తారు. ఇందులో సిమెంటు లేదు, వచ్చిన బలమంతా సున్నం, బూడిద కలిసి ఇచ్చిందే. కానీ ఈ బలం అస్ఫటిక సిలికా ఒక్కదాని మీదే ఆధారపడదు. ఎంత సన్నగా నూరారన్నది, ఎంత నీరు పట్టిందన్నది కూడా అందులో కలిసిపోతాయి. బొగ్గు ఎక్కువున్న బూడిద నీటిని పీల్చుకుంటుంది. నీరు పెంచితే బలం తగ్గుతుంది. సిలికా అంతా అస్ఫటికమే అయినా దిమ్మె బలహీనంగా రావచ్చు.

అందుకే అస్ఫటిక సిలికా ‘శాతం’ అని ఒకే అంకెగా చెప్పడం నాకు ఎప్పుడూ అసంపూర్తిగా అనిపిస్తుంది. ఎక్స్‌ఆర్‌డీ చెప్పేది క్రమం లేని భాగాన్ని. క్షారం చెప్పేది త్వరగా కరిగే భాగాన్ని. సున్నపు నీరు చెప్పేది తొలి నిమిషాల్లో పనిచేసే భాగాన్ని. ఒకే బూడిదకు మూడూ మూడు అంకెలు ఇస్తే వాటిలో ఒకటి తప్పనుకోవక్కర్లేదు. అంకె పక్కన పద్ధతి పేరు లేకపోతే మాత్రం ఆ అంకెను పక్కన పెట్టాలి. బూడిద కావలసిన వాళ్లందరికీ అస్ఫటికమే కావాలని కూడా లేదు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారిపోకుండా పైన ఊక బూడిద కప్పుతారు. అక్కడ వేడిని తట్టుకునే స్ఫటిక బూడిదకే గిరాకీ. ఏ బూడిద ఎవరికి అమ్మాలో కొలత లేకుండా మిల్లు యజమానికి తెలిసే దారి లేదు.

శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి తిరుపతిలో ఉంది. ఐఐటీ, ఐసర్ 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు దగ్గర, తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఉన్నాయి. బూడిద లారీలు తిరిగే ప్రాంతం, పరిశోధన జరిగే ప్రాంతం ఇంత దగ్గరగా ఉండటం అన్ని చోట్లా దొరకదు. ఒక మిల్లు ఫర్నేసులో రెండు మూడు చోట్ల వేడిని కొలిచే థర్మోకపుల్ పెట్టి, ఏ వేడికి ఏ బూడిద వచ్చిందో ఒక సీజను పొడవునా నమోదు చేస్తే, ఆ మిల్లు బూడిద స్వభావం గురించి వంద పత్రాలు చెప్పనిది తెలుస్తుంది.

ఇప్పటిదాకా సిమెంటు వైపు నుంచే చూశాం. బూడిదను గంపలతో ఎత్తి లారీలో పోసేవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో పని ప్రదేశాల్లో పీల్చే క్వార్ట్జ్, క్రిస్టోబలైటు ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ జబ్బు సంగతి అంతకు చాలా ముందే తెలుసు. అస్ఫటిక సిలికాను అదే సంస్థ, ఆధారాలు చాలవని చెప్పి, మూడో వర్గంలో ఉంచింది. మన ఉదాహరణలోని బూడిదలో క్రిస్టోబలైటు 6 శాతమే. సిమెంటుకు ఆ 6 శాతం ఒక లెక్కలోది కాదు. ఊపిరికి అలా కాదు. అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం 8 గంటల పనిలో సగటున ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు మించి స్ఫటిక సిలికా ఉండకూడదు. బూడిద ఎత్తే చోట ఊపిరితిత్తుల లోతుకు వెళ్లగల సన్నటి ధూళి ఘనమీటరుకు ఒక్క మిల్లీగ్రాము ఉంటే చాలు, అందులో 6 శాతమంటే 60 మైక్రోగ్రాములు. హద్దు దాటిపోయింది.

కరిగించి చూసే పరీక్షలేవీ ఈ 6 శాతాన్ని నమ్మకంగా చూపలేవు. ‘94 శాతం కరిగింది’ అనే మాటలో మిగిలిన 6 బొగ్గో, ఇసుకో, క్రిస్టోబలైటో తెలియదు. ఇక్కడ ఎక్స్‌ఆర్‌డీయే కావాలి, అదీ గుట్టలోని బూడిదకు కాదు, పనివాళ్లు పీల్చే గాలిని వడగట్టిన ఫిల్టరు మీది ధూళికి. ఆ పరీక్ష జరిగేలోపు చేయగలిగినవి ఉన్నాయి. బూడిద ఎత్తే ముందు తడపడం, ఎక్కువ వేడి తగిలిన ఫర్నేసు అడుగు బూడిదను మిగతాదాంతో కలపకపోవడం, తువ్వాలుకు బదులు సన్నటి ధూళిని ఆపే మాస్కు ఇవ్వడం. బూడిద పత్రంలో సిలికా శాతం పక్కన క్రిస్టోబలైటు శాతానికి ఒక గడి ఉండాలి. ఆ గడి నింపే బాధ్యత కొనేవాడి మీద కాదు, అమ్మే మిల్లు మీద ఉండాలి.